రెండు పైపులు సముద్రంలోకి వేస్తారట, మన అలివి వల లాగే చోటు ఏమవుతుంది?

అలివివల_గంజాం
గోపాలపూర్‌కు ఉత్తరాన తీరం మీద మా ఊరు. పోయిన మంగళవారం నలుగురు జీపులో వచ్చి, మేము అలివి వల (సముద్రంలో వేసి ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల) లాగే చోట ఎర్ర రంగు పూసిన కర్రలు పాతి వెళ్లారు. ఏమిటని అడిగితే, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం వస్తుందని, దానికి రెండు పైపులు వేస్తారని ఒకాయన చెప్పాడు. ఒకటి నీళ్లు లాగేది, ఇంకొకటి వదిలేది. వెనక నిలబడ్డ ఇంకొకాయన కరెంటు కేంద్రం కూడా ఉంటుందన్నాడు. చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఒక పక్క ఒడియా, రెండో పక్క ఇంగ్లీషు.

మా నాన్నకు 68 ఏళ్లు. యాభై ఏళ్లకు పైగా ఈ నీళ్లలోనే వేట. ఆయనకు తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు. మా వీధిలో ఆయన ఈడు వాళ్లలో చాలామందికి అదీ రాదు. నేను ఒడియా బడిలో చదివాను కాబట్టి కాగితం చదివి వినిపించాను. చదవగలిగాను కానీ విడమరచి చెప్పలేకపోయాను. వదిలే నీళ్లు విషమా? చేప పారిపోతుందా? పైపుల మీదుగా వల లాగగలమా? ఈ మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, పుకార్లు మాత్రం వద్దు.

బాహుదా_మొగ
కర్రల మీద అంకెలు ఉన్నాయా తమ్ముడూ? అంకెలుంటే కొలతలు అయిపోయినట్టే. ప్రతి కర్రకూ ఫోటో తీసి పెట్టుకో, వెనక ఏదో ఒక గుర్తు కనిపించేలా. మా సోనపురం వైపు ఇలాగే పాతిన కర్రలు ఆరు నెలల తరువాత వేరే చోట కనిపించాయి.

పట్టునగరం_పద్మ
ముందు తేలవలసింది కరెంటు కేంద్రమా, నీళ్ల కేంద్రమా అన్నది. రెండూ ఒకటి కావు కదా?

బీల_బిడ్డ
మాకు తేడా ఏమీ కనిపించలేదమ్మా. మాది సోంపేట. బీల అంటే మాకు చిత్తడి నేల కాదు, అన్నం గిన్నె. 2640 మెగావాట్ల బొగ్గు కేంద్రం అక్కడ పెడతామని వచ్చారు. కాగితాల్లో ఆ నేలను పనికిరాని భూమిగా రాసుకున్నారు. వరి పండే నేల, చేపలు పట్టే నీళ్లు, పశువులు మేసే గడ్డి, అన్నీ ఉన్నచోటు పనికిరానిదయింది. 2010 జులై 14న కాల్పులు జరిగాయి. మా మనుషులు పోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ముందు చేసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాం. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది. కర్రలు పీకి అవతల పారేయండి. తరువాత మాట్లాడవచ్చు.

పర్లాకిమిడి_మాస్టారు
కర్రలు పీకవద్దు. పీకితే మాట మీ మీదకు తిరుగుతుంది. ఫోటోలు చాలు.

టర్బైన్_బాబాయి
నేను 26 ఏళ్లు తీరప్రాంత విద్యుత్ కేంద్రంలో టర్బైన్ విభాగంలో పనిచేసి దిగినవాణ్ణి. సొంత ఊరు బరంపురం. పద్మ గారి ప్రశ్నతో మొదలుపెడతాను.

బొగ్గు కాలిస్తే వచ్చే వేడిలో నూటికి 35 నుంచి 40 పాళ్లే కరెంటు అవుతుంది. కొంత పొగగొట్టం దారిన పోతుంది. మిగిలినది, అంటే దాదాపు సగం, కండెన్సర్ దగ్గర చల్లనీళ్లకు అంటుకుంటుంది. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా చేయాలంటే ఆ చల్లనీళ్లు కావాలి. అందుకే విద్యుత్ కేంద్రం నది ఒడ్డునో, సముద్రం ఒడ్డునో ఉంటుంది. సముద్రం నుంచి లాగిన నీటిని ఒక్కసారి వాడి వేడిగా వదిలేయడం పాత పద్ధతి. వదిలే నీరు మామూలు సముద్రపు నీటి కంటే 7 డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని తీర కేంద్రాలకు నిబంధన ఉంది. పరవాడ దగ్గర సింహాద్రిలో దారి వేరు. అక్కడ సముద్రపు నీటినే 165 మీటర్ల ఎత్తున్న టవర్లలో తిప్పి చల్లారుస్తారు. అలా చేస్తే సముద్రం నుంచి లాగే నీరు బాగా తగ్గుతుంది.

ఇక మీ ఊరికి బొగ్గు కేంద్రం వస్తుందా అన్నది. ఒడిశాలో పెద్ద కేంద్రాలన్నీ గనుల పక్కనే ఉన్నాయి. తాల్చేరు కనిహా ఒక్కటే 3000 మెగావాట్లు. గని పక్కన ఉండగా ఇంత దూరం బొగ్గు మోసుకురావడం ఎందుకు? తాల్చేరు బొగ్గు పారదీప్‌లో ఓడలెక్కి తమిళనాడు తీర కేంద్రాలకు పోతుంది, అది వాళ్ల అవసరం. నాకు తోచినంతవరకు రెండో ఆయన చెప్పిన కరెంటు కేంద్రం మాట నీళ్ల పంపులకు కరెంటు అందించే సబ్‌స్టేషన్ గురించి అయి ఉండవచ్చు. రాతపూర్వకంగా అడిగితే తేలిపోతుంది.

అలివివల_గంజాం
బాబాయి గారూ, సబ్‌స్టేషన్ అనే మాట ఆ ఒడియా కాగితంలో ఉంది! ఇప్పుడే మళ్లీ చూశాను. మెగావాట్లు అన్న మాట ఎక్కడా లేదు.

నీటిచుక్క_79
అయితే నీళ్ల కేంద్రమే. నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తాను, ఈ భాగం నాకు వదిలేయండి.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండా ఉంటే మంచిదని భారత ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఉప్పును వేరు చేయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది పొరల పద్ధతి, ఇళ్లలో ఆర్వో అంటున్నది అదే. సన్నని పొర ఒక వైపు ఉప్పునీరు ఉంచి విపరీతమైన ఒత్తిడితో నెడితే నీరు మాత్రం పొర దాటుతుంది. ఆ ఒత్తిడి కారు టైరులో ఉండే దానికి పాతిక ముప్పై రెట్లు. అందుకే కరెంటు తింటుంది. వెయ్యి లీటర్ల మంచినీటికి 3 నుంచి 4 యూనిట్లు.

నూరు లీటర్లు లాగితే 40 నుంచి 45 లీటర్లు మంచినీరు వస్తుంది. మిగిలిన 55, 60 లీటర్లలోకి ఉప్పంతా చేరుతుంది. లీటరుకు దాదాపు 60 గ్రాములు అవుతుంది. సముద్రంలోకి వెనక్కి వదిలేది ఆ చిక్కటి ఉప్పునీరే. విషమా అని మీ నాన్నగారు అడిగారు. ఉప్పు విషం కాదు. కానీ అది ఎక్కడ, ఎలా పడుతుంది, దానితో పాటు ఇంకేం పడుతుంది అన్నదాని మీద అంతా ఉంది. పైపుల్లో నత్తగుల్లలు పట్టకుండా క్లోరిన్ వేస్తారు. పొరల మీద పొలుసు కట్టకుండా మందు కలుపుతారు. ముందు వడపోతలో ఇనుప లవణాలు వాడతారు. ఆ వడపోతలు కడిగిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే సముద్రం ఎర్రబడుతుంది. ఆ కడుగునీటిని ఏం చేస్తారని ప్రత్యేకంగా అడగండి.

పట్టునగరం_పద్మ
మరి ఆ మంచినీరు ఎవరికి? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. బరంపురంలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మా వీధిలో ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరుసగా పెట్టి ఆడవాళ్లం ఎండలో నిలబడతాం. రుషికుల్య నీళ్లు వస్తున్నాయని అంటారు, మా కుళాయిలో మాత్రం గాలి వస్తుంది. సముద్రం పది మైళ్లు కూడా లేదు. ఆ నీళ్లు తాగునీరు అవుతాయంటే నేనెందుకు వద్దంటాను? మన్నించు తమ్ముడూ, మీ బాధ తెలియక కాదు.

అలివివల_గంజాం
అక్కా, మన్నించడానికి ఏముంది. మా ఊళ్లో కూడా మే నెలలో చేతిపంపు ఉప్పదేరుతుంది. కాగితంలో నీళ్లు ఎవరికో రాయలేదు. "పారిశ్రామిక, ఇతర అవసరాలు" అని ఉంది. ఆ 'ఇతర' మీరా, మేమా తెలియదు.

ఛత్రపురం_ఛాయ
పారిశ్రామిక అవసరం అని ఉంటే అది కర్మాగారానికే. మా ఛత్రపురం దగ్గర ఖనిజ ఇసుక తీసే ఓస్కాం కర్మాగారంలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) పరిజ్ఞానంతో ఇలాంటిదే కట్టారు, రోజుకు 50 లక్షల లీటర్లు. కర్మాగారం సముద్రపు నీళ్లు వాడుకుంటే నది నీళ్లు ఊళ్లకు మిగులుతాయి కదా అని నాకు అనిపిస్తుంది. పద్మ గారి కుళాయికి నేరుగా రాకపోయినా వేరే దారిలో వచ్చినట్టే.

పట్టునగరం_పద్మ
మిగిలిన నది నీళ్లు మా కుళాయికి వస్తాయని ఎవరు రాసిస్తారు ఛాయా? కర్మాగారం సముద్రానికి మారితే, విడిచిపెట్టిన నది వాటా ఇంకో కర్మాగారానికి పోవచ్చు.

నీటిచుక్క_79
50 లక్షల లీటర్ల కేంద్రం అంటే లెక్క ఇలా ఉంటుంది. రోజుకు దాదాపు 1 కోటి 20 లక్షల లీటర్ల సముద్రపు నీరు లాగాలి. 70 లక్షల లీటర్ల దాకా చిక్కటి ఉప్పునీరు వెనక్కి పోతుంది. కరెంటు రోజుకు 15 వేల నుంచి 20 వేల యూనిట్లు. తమ్ముడి ఊరి కేంద్రం ఎన్ని లీటర్లదో తెలిస్తే దీన్ని బట్టి గుణించుకోవచ్చు.

బీల_బిడ్డ
ఆ కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది? బొగ్గు నుంచే. బొగ్గు కాల్చి సముద్రం నీళ్లు తాగడం, ఇంకెక్కడో ఇంకో ఊరు బూడిద మింగడం. టర్బైన్ బాబాయి గారికి ఇది బాగానే కనిపిస్తుంది, 26 ఏళ్లు ఆ జీతం తిన్నారు కనుక.

టర్బైన్_బాబాయి
జీతం తిన్నాను, నిజమే. ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను. రాత్రి పాళీలో కండెన్సర్ గొట్టాలు కారుతుంటే ఉప్పునీళ్లలో మోకాళ్ల లోతున నిలబడి పని చేశాను. బూడిద చెరువు పక్క ఊళ్లో ఎండాకాలం గాలి వీస్తే అన్నం మీద పడే పొర కూడా నా కళ్లతో చూశాను, అప్పుడు ఆ ఊరివాళ్ల తరఫున లోపల మాట్లాడాను కూడా. మీ ఊళ్లో పోయిన ప్రాణాల ముందు నా మాట చిన్నదే. కానీ నేను చెప్పిన లెక్కలో తప్పు ఉంటే లెక్క చూపండి.

పెంటకోట_పూరి
ఇద్దరూ ఆగండి. అడిగినవాడు వల గురించి అడిగాడు. అలివి వల లాగేవాళ్లం మేమూ ఉన్నాం పూరీలో. ఆ మాట చెప్పండి.

కవిటి_కొబ్బరి
నాదొక మాట, పక్కదారి అనుకోకండి. ఉద్దానంలో మా ఇంట్లోనే ఇద్దరు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్తున్నారు. ఏళ్ల తరబడి మా ఊళ్లకు ఆర్వో డబ్బాల నీళ్లు మోశారు. చివరికి హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే. జబ్బుకు నీళ్లే కారణమని శాస్త్రవేత్తలు ఇంతవరకు తేల్చలేదు, అది నాకు తెలుసు. అయినా నది నీళ్లు కుళాయిలో మొదటిసారి వచ్చిన రోజు మా అమ్మ గ్లాసు పట్టుకుని చాలాసేపు చూసింది. వంశధార పుట్టింది ఒడిశా కొండల్లో. నది ఉన్నచోట నది నీటిని న్యాయంగా పంచడం ముందు జరగాలి, సముద్రం దగ్గరకు ఆ తరువాత వెళ్లాలి. బాహుదా కూడా అంతే కదా, గజపతి జిల్లా కొండల్లో పుట్టి, మా ఇచ్ఛాపురం మీదుగా వచ్చి, మళ్లీ ఒడిశాలో సోనపురం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నదికి సరిహద్దు లేదు.

బాహుదా_మొగ
మా మొగ దగ్గరకు వచ్చేసరికి వేసవిలో ఆ నదికి నీళ్లూ లేవు కవిటి అన్నా.

చెన్నైలో_గంజాంవాడు
నేను గోపాలపూర్ కుర్రాణ్ణే, ఉద్యోగం చెన్నైలో. ఇక్కడ మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో ఒక్కొక్కటి రోజుకు 10 కోట్ల లీటర్ల కేంద్రాలు మొదలయ్యాయి. నెమ్మేలిలోనే 2024లో ఇంకో 15 కోట్ల లీటర్లది తోడైంది. నేను ఉండే దక్షిణ చెన్నైలో కుళాయిలో వచ్చేది ఆ నీరే. మొదట్లో చప్పగా అనిపించింది. ఖనిజాలు తిరిగి కలుపుతారట, అయినా మన బావి నీళ్ల రుచి రాదు. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండినప్పుడు ఆ నీరే మమ్మల్ని నిలబెట్టింది. ఇది ఒక పక్క. రెండో పక్క, ఆ కేంద్రాల దగ్గరి మత్స్యకారులు వలలు ఖాళీగా వస్తున్నాయని చెప్పడం నేను స్వయంగా విన్నాను. రెండు మాటలూ నిజమే. తాగేవాణ్ణి నేను, వల లాగేది మా నాన్న. అందుకే ఇక్కడ ఏ వైపు ఓటు వేయాలో నాకు తెలియడం లేదు.

నీటిచుక్క_79
పెంటకోట అన్న చెప్పినట్టు వల దగ్గరకు వద్దాం. వేటగాళ్లు తెలుసుకోవలసిన ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. విద్యుత్ కేంద్రం వదిలే వేడినీరు తేలికగా ఉంటుంది, పైన తేలుతుంది. ఉప్పునీటి కేంద్రం వదిలే చిక్కటి నీరు బరువు, అడుగుకు దిగి నేలను అంటుకుని పారుతుంది. గోతులుంటే అక్కడ నిలుస్తుంది. నిలిచినచోట ప్రాణవాయువు తగ్గుతుంది. కాబట్టి మొదట దెబ్బ తినేది అడుగున ఉండేవి, పీతలు, రొయ్యలు, నాలుక చేపలు, ఇసుకలో గుడ్లు పెట్టేవి. కవళ్లు, కానాగంతల వంటి పైనీటి చేపకు అంత కాదు.

పైపు చివర ఒకే రంధ్రం పెట్టి వదిలితే ఇది ఖాయం. చిన్న చిన్న ముక్కుల గొట్టాలు వరుసగా పెట్టి పైకి చిమ్మేలా చేస్తే కొన్ని పదుల మీటర్లలోనే కలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం 2006 నుంచి అలా వదులుతూ, అడుగు నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలుస్తూ వస్తోంది.

టర్బైన్_బాబాయి
ఇది మంచి మాట. విద్యుత్ కేంద్రం, నీళ్ల కేంద్రం పక్కపక్కన ఉంటే వేడినీటిలో ఉప్పునీటిని కలిపి వదులుతారు, తేలికా బరువూ కొంత సరిపడతాయి. కల్పాక్కంలో అణు విద్యుత్ కేంద్రం పక్కనే బార్క్ వారి నీళ్ల కేంద్రం ఉంది, రోజుకు 63 లక్షల లీటర్లు. అందులో 45 లక్షలు కేంద్రం ఆవిరి వేడితో మరిగించి తీసేవి, 18 లక్షలు పొరలతో. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి ఇంకో పద్ధతి ఉంది. లోతు నుంచి చల్లటి నీరు తెచ్చి, పైనీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, ఆ చల్లదనంతో మంచినీరు దింపుతారు. రోజుకు లక్ష లీటర్లు. ఆ పద్ధతినే చెన్నై ఉత్తరాన బొగ్గు కేంద్రం వదిలే వేడినీటితోనూ చేసి చూపించారు. పారేసే వేడితో నీళ్లు చేయవచ్చునంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ వేడి సముద్రంలో కలిసిపోవడం చూసి మనసు చివుక్కుమనేది.

పెంటకోట_పూరి
మరి లాగే పైపు? వదిలే పైపు గురించే అందరూ మాట్లాడుతున్నారు. లాగే పైపు నోట్లోకి చేపపిల్లలు పోవా?

టర్బైన్_బాబాయి
పోతాయి. ఇది ఎక్కువమంది అడగని ప్రశ్న, మీరు అడిగారు. పెద్ద చేప జల్లెడకు అతుక్కుంటుంది, గుడ్లు, రవ్వంత పిల్లలు జల్లెడ దాటి లోపలికి పోతాయి, ఇక తిరిగి రావు. నోరు వెడల్పు చేసి నీరు లాగే వేగం తగ్గించడమే మందు. అమెరికాలో సెకనుకు 15 సెంటీమీటర్ల వేగాన్ని హద్దుగా తీసుకుంటారు, ఆ వేగంలో చేప ఈది తప్పించుకోగలదు. వేగం పెరిగితే కేంద్రానికీ మంచిది కాదు. జెల్లీ చేపల గుంపు వచ్చి జల్లెడలకు కమ్ముకుంటే పంపులు ఆపవలసిందే. 2013లో స్వీడన్‌లో ఒక అణు విద్యుత్ కేంద్రం జెల్లీ చేపల వల్ల ఆగిపోయింది. మా కేంద్రంలో అలాంటి రాత్రులు నాలుగైదు గుర్తున్నాయి, పారలతో తీసి గంపల్లో మోశాం.

రుషికుల్య_రాజు
తాబేళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. రుషికుల్య మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమని. దానికి పైన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అందరికీ ఉండే నిషేధం. మేము ఒప్పుకుని ఇంట్లో కూర్చుంటున్నాం, తాబేలు మాకూ దేవుడే. లక్షల తాబేళ్లు ఒడ్డెక్కే రాత్రి మా పిల్లలే లాంతర్లు ఆర్పి కాపలా ఉంటారు. ఏడు నెలలు మా పడవ ఆపుతున్నవాళ్లు ఆ ఏడు నెలలూ పైపును ఆపుతారా? పని జరిగే చోట రాత్రి దీపాలు ఆర్పుతారా? గుడ్డు పగిలి వచ్చిన పిల్ల వెలుతురు వైపు పాకుతుంది, ఒడ్డున దీపం ఉంటే సముద్రం వదిలి రోడ్డు మీదకు పోతుంది.

పట్టునగరం_పద్మ
రాజు అన్నా, ఈ ప్రశ్న ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వండి. ఒక్క మాట కూడా మార్చవద్దు.

పర్లాకిమిడి_మాస్టారు
ఎక్కడ రాసి ఇవ్వాలో చెబుతాను, దయచేసి ఇది ఓపికగా చదవండి.

బొగ్గు విద్యుత్ కేంద్రం 500 మెగావాట్లు, అంతకు మించినదైతే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. దానికి ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, నివేదిక సారాంశం ఊరివాళ్లకు అందుబాటులో పెట్టాలి, సభ వీడియో తీయాలి, చెప్పిన అభ్యంతరాలు చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఉప్పునీటి శుద్ధి కేంద్రం పేరు మాత్రం ఆ నోటిఫికేషన్ జాబితాలో విడిగా లేదు. అది తీర మండల నిబంధనల దారిన పోతుంది, రాష్ట్ర తీర మండల నిర్వహణ అథారిటీ పరిశీలిస్తుంది. అంటే సభ పెడతారు, అప్పుడు వెళ్లి మాట్లాడదాం అని మీరు ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ సభే రాకపోవచ్చు.

కాబట్టి మీరే ముందు వెళ్లాలి. తీర మండల పటాల్లో మత్స్యకారుల ఊళ్లు, వాళ్లు ఉమ్మడిగా వాడుకునే చోట్లు, చేపలు ఎండబెట్టే తావులు చూపించాలని 2011 నిబంధనల్లోనే ఉంది. మీ ఊరి పటం సమాచార హక్కు కింద అడగండి. మీరు అలివి లాగే చోటు అందులో ఉందో లేదో చూడండి.

బీల_బిడ్డ
మాస్టారు గారూ, మా అనుభవం కూడా ఇదే. మా బీలను పనికిరాని భూమి అని కాగితం మీద రాసిన రోజున మాకు తెలియదు. తెలిసేసరికి పోలీసులు వచ్చారు. అలివి లాగే చోటు కాగితం మీద ఖాళీ ఇసుక, అంతే. తమ్ముడూ, నేను కర్రలు పీకమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పటంలో మీ చోటు రాయించు. బాబాయి గారూ, జీతం గురించి అన్న మాట తప్పు.

టర్బైన్_బాబాయి
పోనీండి. మీ బాధ ముందు అదేమీ పెద్ద మాట కాదు.

ఛత్రపురం_ఛాయ
పటంలో లేకపోతే?

పర్లాకిమిడి_మాస్టారు
లేకపోతే అదే మొదటి అభ్యంతరం అవుతుంది. ఇంకొకటి, అర్జీ ఒడియాలో ఇవ్వండి, దానితో పాటు తెలుగు ప్రతి కూడా జత చేయండి. ఊళ్లో చదివి వినిపించే సమావేశం తెలుగులో జరగాలని రాయండి. మన నోలియా (తెలుగు మత్స్యకారుల) ఊళ్లు గంజాం తీరం పొడవునా ఎన్నో తరాలుగా ఉన్నాయి. ఈ తీరంలో వేట భాష తెలుగు. ఆ భాషలో చెప్పకపోతే చెప్పనట్టే.

చెన్నైలో_గంజాంవాడు
గుజరాత్‌లో ముంద్రా దగ్గర బొగ్గు కేంద్రం వేడినీటి వల్ల వేట దెబ్బతిందని అక్కడి మత్స్యకారులు ఆ కేంద్రానికి అప్పిచ్చిన అంతర్జాతీయ సంస్థ మీద అమెరికా కోర్టుకు వెళ్లారు. అలాంటి సంస్థల మీద దావా వేయడమే కుదరదన్న వాదనను 2019లో అమెరికా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తరువాత కింది కోర్టుల్లో దావా నిలవలేదు, డబ్బులు రాలేదు. కేంద్రం కట్టేశాక అంత దూరం నడవవలసి వచ్చింది వాళ్లకు.

పెంటకోట_పూరి
నా ప్రశ్నలో మిగిలినది, పైపు మీద వల లాగడం. అలివి వల అర కిలోమీటరు పైన సముద్రంలోకి పోయి అడుగు తుడుచుకుంటూ ఒడ్డుకు వస్తుంది. అడుగున ఒక్క రాయి తగిలినా వల చిరుగుతుంది. వల ఖరీదు లక్షల్లో, ఊరంతా కలిసి కొన్నది.

టర్బైన్_బాబాయి
కందకం తవ్వి పైన పైన పూడిస్తే రెండు తుపాన్లలో పైపు బయటపడుతుంది. ఫైలిన్ 2013 అక్టోబరులో గోపాలపూర్ దగ్గరే ఒడ్డు దాటింది, తిత్లీ 2018లో పలాస దగ్గర. ఆ తరువాత ఇసుక ఎంత లేచిపోయిందో మీరే చూశారు. సొరంగంలాగా అడుగు కింద నుంచి వేసి, వల పోయే హద్దు దాటాకే బయటకు తీయమని అడగాలి. ఖర్చు ఎక్కువ, అందుకే అడగకపోతే చేయరు. పైపుల నోళ్లు రెండూ ఎక్కడ తేలాలో చెప్పడానికి అడుగు ఎలా ఉందో తెలియాలి, ఎక్కడ బురద, ఎక్కడ గొయ్యి, ఏ నెలలో నీటి వాటం ఎటు. కంపెనీలు కొన్ని నెలలు కొలిచి నివేదిక రాస్తాయి. మీ నాన్నగారి దగ్గర యాభై ఏళ్ల కొలతలు ఉన్నాయి.

అలివివల_గంజాం
ఇవాళ సాయంత్రం మీరు రాసినవన్నీ నాన్నకు చదివి వినిపించాను. బరువు నీళ్లు అడుగున పాకుతాయి, గోతిలో నిలుస్తాయి అన్నచోట ఆపమన్నారు. లేచి ఒడ్డుకు తీసుకెళ్లి కర్రతో ఇసుక మీద గీశారు. ఒడ్డు నుంచి మొదట ఇసుక, తరువాత మెత్తని బురద పట్టీ, ఆ అవతల పార, అంటే నీటి కింది రాతి మెట్ట, దానికి ఉత్తరాన గొయ్యి. దసరా దాటాక నీళ్లు దక్షిణానికి, శివరాత్రి నుంచి ఉత్తరానికి. గొయ్యి ఉన్నది సరిగ్గా ఎర్ర కర్రలకు ఎదురుగానే. రొయ్య పిల్ల చేసేది ఆ గోతి అంచునే అన్నారు. నేను ఇరవై ఏళ్లుగా ఆయనతో వేటకు పోతున్నాను, ఇదంతా ఒక్క చోట గీసి చూపడం ఎప్పుడూ చూడలేదు. పోటు వచ్చేలోపు ఫోటోలు తీశాను.

దీన్ని పటంగా ఎవరైనా గీసి పెట్టగలరా?

నీటిచుక్క_79
ఫోటోలు పంపు తమ్ముడూ. దూరాలు బారల్లో చెప్పినా సరే, నేను మీటర్లలోకి మారుస్తాను. వీలైతే ఆ గోతి దగ్గర అడుగు నీళ్లు ఒక సీసాలో పట్టి పెట్టండి. మూత బిగించి, తేదీ, వేళ రాసి. రేపు ఏదైనా మారితే ఇవాళ ఎలా ఉందో చెప్పడానికి ఆ లెక్క ఉండాలి. పరీక్ష నేను చేస్తాను.

పర్లాకిమిడి_మాస్టారు
ఒడియా అర్జీ నేను రాస్తాను. రాజు గారి తాబేళ్ల ప్రశ్న, పద్మ గారి కుళాయి ప్రశ్న కూడా అందులోనే ఉంటాయి.

పట్టునగరం_పద్మ
నా సంతకం బరంపురం వీధి తరఫున పెడతాను. నీళ్లు కావాలని రాస్తాను, గొయ్యి వదిలేసి పెట్టమని కూడా రాస్తాను. ఆదివారం బస్సెక్కి వస్తున్నాను తమ్ముడూ, అమ్మతో చెప్పు, చేపల పులుసు ఎక్కువ పెట్టమని.

టర్బైన్_బాబాయి
నేనూ వస్తాను. నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఆ గొయ్యి దాకా పడవ మీద తీసుకెళ్లమని అడుగు. లోతు కొలిచే తాడు తెస్తాను.

అలివివల_గంజాం
నాన్న పక్కనే ఉన్నారు. తాడు అక్కర్లేదు, మా దగ్గర ఉంది అంటున్నారు. తెల్లవారి నాలుగింటికి ఒడ్డున ఉండాలట.